మంజిల్ నుంచి మజిలీ

తెలుగులో మనం అనే 'మజిలీ' మన ఉర్దూ 'మంజిల్' మాటే. రైళ్లు రాక ముందు కాఫిలాలకు ఒక రోజు ప్రయాణం ఒక మంజిల్. 1874లో సికింద్రాబాద్–వాడి రైలు మార్గం పడ్డాక గుల్బర్గా సఫర్‌లో మజిలీలు పోయాయి.

ఇప్పుడు మన ఖాందాన్లు తెల్లారే రైలెక్కుతాయి, హజ్రత్ ఖ్వాజా బందేనవాజ్ దర్గాలో ఫాతెహా చదువుతాయి, రాత్రికి వాపస్. అల్లాహ్ ఆ జియారత్ ఖబూల్ చేయుగాక. కానీ పిల్లలకు తారీఖ్ ఎవరు చూపిస్తారు? ఈసారి మూడు నాలుగు రోజులు పెట్టుకుని, ఆగుతూ వెళ్లమని నా గుజారిష్.

ముందు బీదర్‌లో దిగండి. 1472 నాటి మదర్సా ముందు నిలబడి మహమూద్ గవాన్ కథ చెప్పండి. ఇరాన్ నుంచి వచ్చి, ఇంత పెద్ద ఇల్మ్ ఘర్ కట్టించిన ఆ వజీర్‌ను 1481లో ఒక నకిలీ ఖత్ నమ్మి సుల్తానే చంపించాడు. బహమనీ సల్తనత్ మళ్లీ కోలుకోలేదు. ఆ కథ చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

బీదర్ నుంచి గుల్బర్గాకు 2017 నుంచి నేరుగా రైలు మార్గం ఉంది. టికెట్ మీద కలబురగి అని ఉంటుంది. దర్గా తర్వాత ఖిలాలోని 1367 నాటి జామా మస్జిద్‌కు వెళ్లండి. దానికి సహన్ లేదు, మొత్తం గుంబజ్‌ల నీడే. తర్వాత హోట్గీలో రైలు మారితే బీజాపూర్. అక్కడ గోల్ గుంబజ్ కింద, 1656లో ఇంతెఖాల్ అయిన ముహమ్మద్ ఆదిల్ షా మజార్.

'మీరు ఎక్కడి నుంచి వచ్చారు?' అని రేపు ఎవరైనా మన పిల్లల్ని అడుగుతారు. జవాబుగా ఈ షహర్ల పేర్లు వాళ్ల నోట తడుముకోకుండా రావాలి.