ఒకే పరిగె, రెండు తీర్పులు

కోసేసిన చేలో రాలిన వెన్నులు ఏరుకునే ఆడవాళ్లు. 1857లో పారిస్ సలోన్ ప్రదర్శనలో ఝాన్ ఫ్రాన్స్వా మిలే ఈ బొమ్మ పెడితే విమర్శకులు విరుచుకుపడ్డారు. 1859లో అక్కడే జూల్ బ్రెతాన్ అదే పరిగె గీసి పెడితే, మూడో నెపోలియన్ చక్రవర్తి కొనేశాడు. పని ఒకటే, పేదరికం ఒకటే. మరి తేడా ఎక్కడ?

పల్లె తెలియక బ్రెతాన్ సింగారించాడు అందామంటే కుదరదు. ఆ పొలం ఆయన పుట్టిన కూరియేర్ ఊరిది. లేమిని దాచాడా? అదీ లేదు, చినిగిన బట్టలు కనిపిస్తూనే ఉన్నాయి.

కాళ్లు చూడండి. మిలే తన ఆడవాళ్లకు చెక్కజోళ్లు తొడిగాడు. బ్రెతాన్ స్త్రీలు కొయ్యకాళ్ల మీద ఒట్టి పాదాలతో, తివాచీ మీద నడిచినట్టు వస్తారు.

తర్వాత మెడ. ఉప్పల్ నుంచి పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డున, డెయిరీలకు పారా గడ్డి కోసేవాళ్లను చూసినవాళ్లకు ఈ తేడా ఇట్టే దొరుకుతుంది. సుట్టబట్ట పెట్టుకుని పచ్చిగడ్డి మోపు ఎత్తుకున్నాక మెడ నరాలు బిగుసుకుంటాయి, చూపు అడుగు వేసే చోటే ఉంటుంది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. బ్రెతాన్ నాయికలకు ఆ బాధ లేదు, మోపులతోనే తలెత్తి దూరంగా చూస్తుంటారు. (మనమేం తక్కువ తినలేదు. మన సినిమాల్లో నాట్లేసే నాయిక చీరకు బురద అంటడం ఎన్నిసార్లు చూశాం?)

అసలు ముడి కాపలావాడి దగ్గరుంది. మిలే బొమ్మలో కుడివైపు దూరాన, పెద్ద పెద్ద కుప్పల పక్కన, గుర్రమెక్కి ఆజమాయిషీ చేసే మనిషి చుక్కంత ఉంటాడు. బ్రెతాన్ బొమ్మలో ఊరి కావలివాడు ఎడమ పక్కన నిలబడి, నోటికి చేతులు అడ్డుపెట్టి కేకేస్తున్నాడు. పొద్దుగుంకాక పరిగె ఏరకూడదని అప్పట్లో అక్కడి చట్టం. బొమ్మ పేరే ‘పరిగె ఏరేవాళ్లని వెనక్కి పిలవడం’. అంటే ఆయన గీసింది పనిని కాదు, పని ఆగిన నిమిషాన్ని. నడుములు నిజంగానే లేచే వేళ అది, కాబట్టి అబద్ధం ఆడలేదు. ఫ్రాన్స్‌లో 1848 నాటి విప్లవం ఇంకా మరవని కొనుగోలుదారుకి వంగిన నడుముల కంటే ఇళ్లకు మళ్లిన పేదలే నచ్చుతారు మరి.

మిలే బొమ్మ 3,000 ఫ్రాంకులకు పోయింది. ఆయన చనిపోయిన 14 ఏళ్లకు, 1889లో, దాని ధర 3,00,000.