గులకరాళ్ళ గొప్పతనం

ముందే మనవి చేసుకుంటున్నాను. నేను ద్రాక్షపళ్ళు తినేవాణ్ణే గాని ద్రాక్షరసం పులియబెట్టి తాగేవాణ్ణి కాను. అయినా ఒక వైను తోట గురించి రాయబోతున్నానంటే కారణం సీసా కాదు, నేల.

ఫ్రాన్సులో బోర్డో అనే రేవు పట్టణం ఉంది. దాన్ని ఆనుకునే పెసాక్‌లో ఓ-బ్రియోఁ అనే తోట. 1525లో జాఁ ద పోంటాక్ అనే ఆయనకు పెళ్ళయితే కట్నం కింద అక్కడ కొంత భూమి వచ్చింది. అల్లుడుగారు అంతటితో ఊరుకోలేదు. 1533లో ఆ జమీనూ కొనేశాడు. మూడు పెళ్ళిళ్ళు చేసుకుని, నూరేళ్ళు దాటి బతికాడట. వైను మహిమో, మనిషి మహిమో మరి!

ఆయన వంశంవాళ్ళు తెలివైన పని చేశారు. అప్పట్లో బోర్డో సరుకంతా ఒకే గంగాళంలో కలిసినట్టు ఊరి పేరుతోనే అమ్ముడయ్యేది. వీళ్ళు తోట పేరు పెట్టి అమ్మారు. 1663లో లండన్ పానశాలలో దాన్ని రుచి చూసిన శామ్యూల్ పెపీస్ తన డైరీలో ఆ పేరుని నోటికొచ్చినట్టు రాసుకుని, అలాంటి రుచి ఎన్నడూ ఎరగనన్నాడు. 1666లో లండన్ తగలబడ్డాక పోంటాక్‌గారి అబ్బాయి అక్కడే తమ పేరుతో ఓ పానశాల తెరిచాడు.

ఇక అసలు సంగతి. 1677లో తత్త్వవేత్త జాన్ లాక్ పనిగట్టుకుని ఆ తోట చూడ్డానికి వెళ్ళాడు. తీరా చూస్తే ఏముంది? తెల్లటి ఇసక, దాంట్లో గులకరాళ్ళు. ఈ నేలలో ఏం పండుతుందనిపించిందాయనకి.

పండటానికి కారణం ఆ రాళ్ళేనండీ! ఏనాడో నదీ ప్రవాహాలు తెచ్చి పోసిన గులకలవి. వాన నీరు నిలవనివ్వవు. పగలు ఎండని దాచుకుని రాత్రి వదుల్తాయి. అడుగున బంకమట్టి కాస్త తడి పట్టి ఉంచుతుంది. దాన్ని వెతుక్కుంటూ వేరు లోతుకి పోతుంది. సుఖం ఎరగని తీగ కొద్దిపాటి చిన్న పళ్ళే కాస్తుంది. సారమంతా వాటిలోనే!

యజమానులు మారారు. విప్లవకాలంలో, 1794లో ఒకాయన తల గిలొటిన్ కింద తెగిపడింది. 1801 నుంచి 1804 దాకా టాలీరాండ్ మంత్రిగారి చేతిలో ఉంది. 1855లో ఎర్ర వైన్లకి తరగతులు కడితే మొదటి తరగతి నాలుగింటికే దక్కింది. మూడు మెడాక్ ప్రాంతానివి, నాలుగోది ఇదొక్కటే. 1935లో అమెరికన్ బ్యాంకరు క్లారెన్స్ డిల్లన్ కొన్నాడు. ఈలోగా పట్నం పెరిగి చుట్టుపక్కల తోటల్ని చాలావరకు మింగేసింది. ఇప్పుడు ఇళ్ళ మధ్య, రోడ్ల మధ్య ఆ నూటపాతిక ఎకరాల పచ్చదనం అలాగే నిలబడి ఉంది.

ఇదంతా చదువుతుంటే మా నాలుగెకరాల రాళ్ళచేను గుర్తొచ్చింది. “రాళ్ళు తప్ప ఏముంది నాన్నా, ప్లాట్లవాళ్ళకి ఇచ్చేద్దాం” అన్నది నేనే. నాన్న ఏమీ అనలేదు. సంతకం పెట్టి, కండువాతో మొహం తుడుచుకున్నారు.

అక్కడ ద్రాక్ష పండేదని నేననను. ఆ నేల సంగతేమిటో నేనెన్నడూ నాన్నని అడగలేదు, అదీ బాధ. లాక్‌గారు పెదవి విరిచినా, కనీసం వెళ్ళి చూశాడు.