దానము నుండి హక్కునకు

1869లో న్యూయార్కు నగరమున కాథలిక్ సన్యాసినులు కొందరు తమ యింటి వాకిట ఒక ఊయల నుంచిరి. పెంచుకొనలేని తల్లి తన బిడ్డను అందు పరుండబెట్టి వెడలిపోవచ్చును. పేరడుగు వారు లేరు. ఆ ఊయలను తలచినపుడెల్ల వీధిలో పోవలసిన ప్రాణము నిలిచినదని మేము సంతసింతుము. కాని వెంటనే ఒక ప్రశ్న పుట్టును: పేదరికము చేతనే వచ్చిన తల్లికి నెలకు నాలుగు డాలర్లు చేతిలో పెట్టియున్నచో, ఆమె ఆ గుమ్మము త్రొక్కియుండునా?

1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు శ్వేతసౌధమున జరిపించిన సభ ఈ ప్రశ్నకు బదులిచ్చినది. కేవలము పేదరికమును బట్టి బిడ్డను ఇల్లు విడదీయరాదని అది తేల్చెను. సభలో పాల్గొన్న థామస్ మల్రీ సెయింట్ విన్సెంట్ డిపాల్ సంఘ నాయకుడు. 1833లో పారిస్‌లో ఇరువదేండ్ల విద్యార్థి ఫ్రెడరిక్ ఓజనాం మిత్రులతో కలిసి స్థాపించిన సంఘమది. పేదవానిని మన గుమ్మమునకు రప్పించుట గాక, మనమే అతని యింటికి పోవలెననునది వారి పద్ధతి.

అయితే పోయినవారికి ఏమి తెలియును? జాలిగల పెద్దమనిషి ఒక బుట్టెడు బొగ్గు ఇచ్చి వచ్చును. ఇంటి యజమాని క్షయరోగియా, యంత్రములో చేయి పోగొట్టుకొన్నవాడా, పరిహారమునకు చట్టమున్నదా అనునది నేర్చినవారికే తెలియును. దయకు చదువేల అని ఆక్షేపించినవారు లేకపోలేదు. అయినను 1910లో వాషింగ్టన్ కాథలిక్ విశ్వవిద్యాలయమున సాంఘికశాస్త్రాచార్యుడు విలియం కెర్బీ ప్రభృతులు జాతీయ కాథలిక్ ధర్మసంస్థల మహాసభను నెలకొల్పిరి. 1914లో షికాగో లయోలాలోను, 1916లో న్యూయార్కు ఫోర్డంలోను శిక్షణ విద్యాలయములు వెలసెను. 1919లో జాన్ రయన్ అను ఫాదరీ వ్రాయగా బిషప్పులు ప్రకటించిన ప్రణాళిక రోగమునకు, నిరుద్యోగమునకు, వార్ధక్యమునకు బీమా కావలెనని కోరెను. దానము చాలదని దాతలే ఒప్పుకొన్నట్లాయెను.

1935 ఆగస్టు 14న సాంఘిక భద్రతా చట్టము వచ్చెను. దాని సహాయశాఖకు 1936 నుండి అధిపతి జేన్ హోయీ. నెబ్రాస్కాలో ఐరిష్ కాథలిక్ కుటుంబమున పుట్టి, సంఘసేవలో పట్టము పొందిన వనిత. సహాయము రొక్కముగానే ముట్టవలెను, దానినెట్లు ఖర్చుచేయవలెనో తల్లికే తెలియునని ఆమె పట్టుపట్టెను. మొదటి బిడ్డకు నెలకు 18 డాలర్లు, తరువాతి ప్రతి బిడ్డకును 12 డాలర్లు మించని మొత్తములో మూడవవంతు కేంద్రము భరించెడిది. తల్లి మాత్రము లెక్కలో లేదు! ఆమె కూడ అన్నము తినునని చట్టమునకు స్ఫురించుటకు 1950 వరకు పట్టినది.

హోయీ 1953లో పదవినుండి తొలగింపబడెను. ఓజనాం మిత్రులు నేస్తములుగా కూర్చున్నచోట, కొన్ని రాష్ట్రములలో అధికారులు అర్ధరాత్రి తలుపుతట్టి ఇంట మగవాడున్నాడా యని వెదకసాగిరి. అట్టి మగవాని నెపమున పిల్లల సహాయమును నిలిపివేయు అలబామా నియమమును 1968లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 1996లో కాంగ్రెసు ఆ పథకమునే తీసివేసి, జీవితమున అయిదేండ్లకు మించి కేంద్రధనము ముట్టరాదను హద్దుతో వేరొకటి నిలిపినది.