హనుమంతు పాట, వెనక నిలబడ్డ వంత

సుద్దాల అనగానే బయటివాళ్లకు ముందుగా సినిమా కవి గుర్తొస్తాడు. మోత్కూరు, గుండాల, దేవరుప్పుల చుట్టుపక్కల పుట్టి పెరిగిన మాకు ఆ కవి తండ్రి హనుమంతు గుర్తొస్తారు. మోత్కూరు దగ్గరి పాలడుగులో గుర్రం వారింట పుట్టి, సుద్దాలలో స్థిరపడ్డారాయన. రానురాను గుర్రం అన్న ఇంటిపేరు వెనకబడి ఊరి పేరే ఆయనకు ఇంటిపేరైంది. కొడుకు అశోక్‌తేజ అదే పేరును సినిమాల్లోకి తీసుకెళ్లి, ‘ఠాగూర్‌’లో రాసిన పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. 1982 అక్టోబరు 10న హనుమంతు పోయారు. ఆయన పాట ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పాలంటే ఆయన వెనక నిలబడి పాడినవాళ్ల గురించి కూడా చెప్పాలి.

మా ప్రాంతం ఇప్పుడు కొత్త జిల్లాల లెక్కల్లో ముక్కలైంది. ఆనాడు జనగామ తాలూకా కూడా నల్లగొండ జిల్లాలోదే. విసునూరు దేశ్‌ముఖ్ గడి, చాకలి ఐలమ్మ పాలకుర్తి, 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, ఇవన్నీ మా పక్క ఊళ్లే. ఎట్టిచాకిరి అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు పుస్తకం చదివి తెలియాల్సిన పని లేకపోయింది. దొర ఇంటికి కట్టెలు మోయాలి, నీళ్లు మోయాలి, అధికారి వస్తే కోళ్లు ఇవ్వాలి. కులానికో ఎట్టి ఉండేది.

హనుమంతు కొంతకాలం హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేశారు. ఆర్యసమాజం భావాలు అక్కడే పరిచయమయ్యాయి. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభ మా జిల్లా నడకనే మార్చేసింది. రూపాయి ఉన్న సభ్యత్వ రుసుమును నాలుగణాలకు తగ్గించారు. కూలివాళ్లు, పాలేర్లు కూడా చీటీ రాయించుకోగలిగారు. చదువుకున్నవాళ్ల సభ కాస్తా చీటీల సంఘమైంది. ఆ గాలికి సంఘంలోకి వచ్చినవాళ్లలో హనుమంతు ఒకరు.

అయితే సంఘం మాట ఊళ్లకు చేరేదెట్లా? సభ పెట్టుకోవాలంటే ముందే సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 చెప్పేది. ఉపన్యాసం మీద కన్ను ఉండేది. పైగా ఉపన్యాసం అర్థమయ్యేవాళ్లు ఊరికి నలుగురుంటే గొప్ప. గొల్లసుద్దులకు మాత్రం ఊరంతా కదిలొచ్చేది. గొంగడి భుజాన వేసి, కట్టె చేతబట్టి గొర్లకాపరి వేషంలో మనిషి వచ్చి నిలబడితే పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా చుట్టూ చేరేవారు. హనుమంతు ఆ సుద్దులనే పట్టుకున్నారు. బుర్రకథ చెప్పారు, ‘వీర తెలంగాణ’ యక్షగానం రాశారు. జనానికి పాతకాలం నుంచి తెలిసిన ఆటలోకి దొర, పటేల్, పట్వారీ, ఎట్టి, నాగు వడ్డీ వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడే వంతల గురించి చెప్పాలి. సుద్దులకైనా, బుర్రకథకైనా ముందు ఒకడు, వెనక ఇద్దరు. బుర్రకథలో కథకుడి చేతిలో తంబుర, వేలికి అందె. పక్కనున్న ఇద్దరి దగ్గర డక్కీలు, వాటినే గుమ్మెటలు అంటాం. కుడివైపు వంత రాజకీయం మాట్లాడతాడు, ఎడమవైపు వంత నవ్విస్తాడు. చూసే జనం కళ్లు కథకుడి మీదే ఉంటాయి. కానీ కథకుడు ఊపిరి తీసుకునేది వంత పాడుతున్నప్పుడే. తర్వాతి మాట వెతుక్కునేదీ అప్పుడే. మైకు లేని రోజుల్లో చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు మాట చేరిందంటే ఆ ఇద్దరి గొంతుల వల్ల, గుమ్మెట మోత వల్ల. కథకుడు ఒకసారి అన్న మాటను వాళ్లు మళ్లీ అంటారు, ఇంకోసారి అంటారు. మూడోసారికి జనం కూడా అందుకుంటారు. నా లెక్కలో పాట ఊరి సొత్తయ్యేది ఆ మూడోసారే.

మా ఊళ్లలో అడుగున మోగే సప్పుడు విలువ తెలియాలంటే బైండ్ల వాళ్ల ఎల్లమ్మ కథ వినాలి. ఆ కథకు వాయించే జమిడికకు ఒకవైపు తోలు, ఆ తోలు నడిమి నుంచి లాగి పట్టిన తీగ. తీగను బిగిస్తూ, వదులుతూ వాయిస్తే మూలుగులాంటి లోతైన సప్పుడు వస్తుంది. విన్నవాడు తర్వాత కథ చెబుతాడే కానీ జమిడిక గురించి చెప్పడు. జమిడిక లేకుండా ఆ కథ వినిపించి చూడండి, తేడా తెలుస్తుంది.

ఈ సంగతి మన దగ్గరొక్కటే ఉన్నది కాదు. ముగ్గురు గిబ్ అన్నదమ్ముల ‘బీ జీస్’ బృందం పాటలు ప్రపంచమంతా మోగాయి. అందులో మారిస్ గిబ్ బేస్ గిటార్ వాయించేవాడు, అన్నదమ్ముల గొంతుల కింద తన గొంతు కలిపేవాడు. ముందుండి పాడిన బ్యారీ, రాబిన్‌ల పేర్లే ఎక్కువ వినిపించేవి. 2003 జనవరి 12న మారిస్ పోయాక అభిమానులు పాత రికార్డులు మళ్లీ పెట్టుకుని ఈసారి అడుగున మోగే తీగను విన్నారు. పాట కట్టిన తీరును ప్రేమించేవాళ్లు ఎక్కడైనా అట్లాగే తలుచుకుంటారు.

హనుమంతు పాటల్లో వంతకు చోటు ముందే ఉంటుందని నా నమ్మకం. చిన్న పాదాలు, ఒక ప్రశ్న, మళ్లీ అదే పిలుపు. ‘పల్లెటూరి పిల్లగాడా’ తీసుకోండి. పశువులు కాసే పసివాణ్ని పలకరిస్తూ, వాడి ఒంటినీ, బట్టలనూ, వాడికి దక్కే కూలినీ ఒక్కొక్కటే అడుగుతూ పోతుంది. దొరను నేరుగా తిట్టదు. వింటున్నవాడికి తన కొడుకు కనిపిస్తాడు. పిలుపు వచ్చిన ప్రతిసారీ వెనకవాళ్లు అందుకోవడానికి వీలుంటుంది, అందుకే ఒక్కడి గొంతుతో ఆ పాట నిండదు.

1980లో విడుదలైన ‘మా భూమి’ ఈ పాటను మా ఊళ్లు చూడని జనం దగ్గరికి తీసుకెళ్లింది. కృషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన చిత్రమది. అప్పటికి హనుమంతు బతికే ఉన్నారు. 1951లో తెలంగాణ సాయుధ పోరాటం విరమించి దాదాపు మూడు దశాబ్దాలైనా, చెరువుగట్ల మీద పుట్టిన పాట టాకీసుల్లో మోగింది. అదే చిత్రంలోని ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ పాడారు. అది గద్దర్ రాసిందే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాసింది బండి యాదగిరి. నిజాం మీద పోరాడిన మనిషి, పాట అంత పెద్దదైనా తాను వెనకనే ఉండిపోయాడు. ఇది నాకు బాధ కలిగించే విషయం. పాడిన గద్దర్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, ఆయన గొంతు వల్లే ఆ పాట ఇంతమందికి అందింది. యాదగిరి పేరు కూడా పక్కన పలకాలి, అంతే.

తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద హనుమంతు పాటలు మళ్లీ లేచాయి. గోచి, గొంగడి, కాలిగజ్జెలతో వచ్చిన కొత్త కళాకారుల వెనక అదే పద్ధతి కనిపించేది: ముందొకడు, వెనక డప్పులతో, డోలుతో వంత. హనుమంతు, ఆయన భార్య జానకమ్మల పేరుతో ఏటా పురస్కారం ఇస్తున్నారు. జానకమ్మ పేరు కూడా కలపడం నాకు చాలా నచ్చింది. ఇల్లు నడిపినవాళ్లు, పోలీసులు వచ్చినప్పుడు జవాబు చెప్పినవాళ్లు కూడా పాటను మోసినవాళ్లే.

మిగిలింది వంతల పేర్లు. హనుమంతుతో, ఆ కాలపు ఇతర దళాలతో ఊరూరా తిరిగి గుమ్మెట కొట్టినవాళ్లు, డోలు మోసినవాళ్లు, దీపం పట్టుకుని నిలబడ్డవాళ్లు మన ఊళ్లవాళ్లే. ఆ ఆటలు పిల్లలుగా చూసినవాళ్లకు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్లు. గుండాల, మోత్కూరు, దేవరుప్పుల, ఆత్మకూరు పల్లెల్లో అటువంటి పెద్దలు మీ ఇంట్లో ఉంటే కూర్చోబెట్టి అడగండి: ఎవరు ముందు పాడేవారు, కుడిపక్క ఎవరు, ఎడమపక్క ఎవరు, ఏ వాడకట్టువాళ్లు, డోలు ఎవరింట్లో ఉండేది. ఫోన్‌లో రికార్డు చేయండి, పేరుతో పాటు తండ్రి పేరు, ఊరి పేరు రాసి పెట్టండి. హనుమంతు పాటలు అచ్చయిన పుస్తకాల పక్కనే ఆ పేర్ల జాబితా ఊరి గ్రంథాలయంలో ఉండాలి. ఈ వానకాలం పనులు కాగానే మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ పని మొదలుపెడుతున్నాం.