మొదటి 512 బైట్లు ఎవరివి?

కొత్త ఆపరేటింగ్ సిస్టం వేశాక కంప్యూటర్ లేవలేదంటే మనవాళ్ళకి తెలిసిన మందు ఒకటే: ఫార్మాట్ కొట్టెయ్! ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. నిజానికి అలాంటప్పుడు చాలాసార్లు డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. దాని దగ్గరికి వెళ్ళే దారే తెగుతుంది. ఆ దారి ఎందుకంత సన్నగా ఉందో తెలియాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యాలి.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో బయోస్ చేసేది పెద్ద ఘనకార్యమేం కాదు. ఫ్లాపీలోని మొదటి సెక్టారుని, అంటే 512 బైట్లని, మెమరీలోకి లాగి "ఇక నీ ఇష్టం" అని తప్పుకుంటుంది. 1983లో పీసీ ఎక్స్‌టీతో పాటు హార్డ్ డిస్కు వచ్చింది. ఒకే డిస్కుని పంచుకోవాలి కాబట్టి ఆ మొదటి సెక్టారులోనే వాటాల పట్టిక కూడా ఇరికించారు. అదే మాస్టర్ బూట్ రికార్డు. ప్రోగ్రాముకి 446 బైట్లు, నాలుగు పార్టిషన్లకి 64, చివర గుర్తుకి 2. నాలుగు వాటాల ఇంటికి వీధి తలుపు ఒక్కటేనన్నమాట. తగవులన్నీ అక్కడే మొదలు.

1990లలో లినక్స్ వేసిన వాళ్ళకి లైలో గుర్తుండే ఉంటుంది. దానికి ఫైల్ సిస్టం అర్థం కాదు, కెర్నెల్ డిస్కులో ఏ బ్లాకుల్లో ఉందో రాసి పెట్టుకునేది. కెర్నెల్ మార్చి లైలోని మళ్ళీ నడపడం మర్చిపోతే, పాత అడ్రసుకి వెళ్ళిన పోస్ట్‌మ్యాన్ గతే. తర్వాత వచ్చిన గ్రబ్ ఫైల్ పేరుతోనే కెర్నెల్‌ని వెతుక్కోగలిగింది.

ఇంకో చిక్కు బయోస్‌ది. సిలిండర్ నంబరుకి అది ఇచ్చింది 10 బిట్లే, అంటే 1024 సిలిండర్లు. ఎంత సర్దినా 8.4 జీబీ దాటి చూడలేకపోయేది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లినక్స్ తన సొంత డ్రైవర్‌తో డిస్కంతా చూస్తుంది కాబట్టి అంతా సవ్యంగా పూర్తవుతుంది. రీబూట్ చేస్తే మాత్రం కెర్నెల్‌ని తేవాల్సింది బయోస్, దానికేమో అంత దూరం చూపు ఆనదు! అందుకే డిస్కు మొదట్లో చిన్న బూట్ పార్టిషన్ పెట్టుకోమనేవారు.

ఇకపోతే విండోస్. 95 నుంచి ఎక్స్‌పీ దాకా ఇన్‌స్టాలర్ ఎవర్నీ అడక్కుండా ఆ 446 బైట్లలో తన ప్రోగ్రాము రాసేసేది. లినక్స్ పదిలంగానే ఉన్నా తలుపు మాయమయ్యేది. "ముందు విండోస్, తర్వాత లినక్స్" అన్న సూత్రం అలా పుట్టిందే.

యూఈఎఫ్ఐ వచ్చాక ఈ గొడవ తీరాల్సింది. బూట్ లోడర్లు మామూలు ఫైళ్ళుగా విడి పార్టిషన్‌లో, ఎవరి ఫోల్డర్‌లో వాళ్ళవి ఉంటాయి. కానీ 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ ఇంటింటికీ వచ్చింది. ఇప్పుడు తలుపు దగ్గర సంతకం చూపించాలి. చాలా లినక్స్ పంపిణీలు షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకి మైక్రోసాఫ్ట్ చేత సంతకం పెట్టించుకుని లోపలికొస్తున్నాయి. 2024 ఆగస్టులో లోపాలున్న పాత లోడర్లని నిషేధిస్తూ విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చింది. రెండు సిస్టంలున్న యంత్రాల జోలికి పోదన్నారు. కొన్నిటిని అది గుర్తుపట్టలేకపోయింది, వాటిలో లినక్స్ లేవలేదు.

బూట్ దశలోనే దూరే వైరస్‌లు నిజం, భద్రతా కావాల్సిందే. కాదనను. కానీ డబ్బు పెట్టి కొన్న యంత్రంలో మొదట ఏది నడవాలో తేల్చే తాళంచెవి కొన్నవాడి చేతిలో కూడా ఉండాలి కదా? చాలా పీసీల్లో సెక్యూర్ బూట్ ఆపే వీలుంది, సొంత కీ చేర్చుకునే వీలూ ఉంది. ఆ వీలు పోకుండా చూసుకోవడం మన అవసరం.

కాబట్టి ఈసారి ఎవరి కంప్యూటరైనా లేవకపోతే, ఫార్మాట్ అనే ముందు గొలుసు ఎక్కడ తెగిందో చూడండి. ఫర్మ్‌వేర్‌కి డిస్కు కనిపిస్తోందా? లోడర్ వచ్చిందా? కెర్నెల్ మొదలైందా? లైవ్ యూఎస్‌బీతో లేపి ముందు ఫొటోలు, ఫైళ్ళు కాపీ చేసుకోండి. తలుపు బాగుచెయ్యడానికి ఇల్లు కూల్చక్కర్లేదు.