రేసింగ్ ఇంజిన్ ధ్వని

రేసు కారు శ్రుతిని ప్రధానంగా నిర్ణయించేవి రెండు: ఇంజిన్‌లోని సిలిండర్ల సంఖ్య, ఇంజిన్ తిరిగే వేగం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరులో ఒకసారి ఇంధనం మండుతుంది. అందువల్ల సెకనుకు తిరిగే చుట్లను సిలిండర్ల సంఖ్యలో సగంతో హెచ్చవేస్తే ధ్వని ప్రధాన పౌనఃపున్యం తెలుస్తుంది.

ఫార్ములా వన్ చరిత్రలో ఈ లెక్క చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. 2005లో నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టుకు నడిపిన కారులో ఉన్నది 3 లీటర్ల వి10, అంటే V ఆకారంలో రెండు వరుసలుగా పది సిలిండర్లున్న ఇంజిన్. అలాంటి ఇంజిన్ నిమిషానికి 18,000 చుట్లు తిరిగితే 1,500 హెర్ట్జ్ కేక పుడుతుంది. 2006లో 2.4 లీటర్ల వి8 వచ్చింది. 2011 నుంచి 2013 వరకు గ్రేటర్ నోయిడాలో జరిగిన ఫార్ములా వన్ రేసుల్లో ప్రేక్షకులు విన్నది దాన్నే. అదే 18,000 చుట్లకు 1,200 హెర్ట్జ్.

2014లో 1.6 లీటర్ల టర్బో వి6 ప్రవేశించింది. నిబంధనలు 15,000 చుట్ల దాకా అనుమతించాయి. అయితే 10,500 చుట్లు దాటాక గంటకు 100 కిలోలకు మించి ఇంధనం ఇవ్వకూడదన్నారు. అంతకన్నా వేగంగా తిప్పినా పెద్దగా లాభం లేక, డ్రైవర్లు సుమారు 12,000 చుట్ల దగ్గరే గేరు మార్చేవారు. అక్కడ 600 హెర్ట్జ్. అంటే తారస్థాయి షడ్జం మధ్యస్థాయి షడ్జానికి దిగినట్టు, సరిగ్గా ఒక స్థాయి తగ్గింది. పైగా ఎగ్జాస్ట్ వాయువుల శక్తిలో కొంత టర్బైన్ తిప్పడానికే ఖర్చవుతుంది కనుక ధ్వని తీవ్రత కూడా పడిపోయింది. అభిమానుల అసంతృప్తి చూసి మెర్సిడెస్ ఆ ఏడాదే బార్సిలోనాలో బూరలా విచ్చుకున్న ఎగ్జాస్ట్ గొట్టాన్ని పరీక్షించింది, ఫలితం దక్కలేదు. 2016లో వేస్ట్‌గేట్‌కు, అంటే ఎగ్జాస్ట్ వాయువును టర్బైన్ గుండా పోకుండా మళ్లించే కవాటానికి, విడిగా గొట్టాలు పెట్టడంతో కొంత మెరుగైంది.

శ్రుతి ఒకటైనంత మాత్రాన రెండు ఇంజిన్లు ఒకేలా వినిపించవు. అమెరికా నాస్కార్ వి8 నిమిషానికి 9,000 చుట్లు తిరిగినప్పుడు పుట్టేదీ 600 హెర్ట్జే. కానీ దాని క్రాస్‌ప్లేన్ క్రాంక్ వల్ల ఒక్కో వరుసలోని నాలుగు సిలిండర్లు సమాన వ్యవధిలో మండవు. క్రాంక్ తిరిగే కోణంలో 90, 180, 270, 180 డిగ్రీల ఎడంతో మండుతాయి. ఈ ఎగుడుదిగుడు లయ వల్లే గుండెల్లో మోగే ఆ గంభీరమైన గర్జన. ఫార్ములా వన్ వి10లో ఒక్కో వరుసలోని ఐదూ 144 డిగ్రీల సమాన వ్యవధిలో మండటంతో నాదం తీగలా సాగుతుంది.

వి10ను మళ్లీ తెస్తే చాలు, పాత కేక వినబడుతుందనే ఆశ సగమే నిజం; శ్రుతిని సిలిండర్ల సంఖ్యతో పాటు తిరిగే వేగమూ నిర్ణయిస్తుంది కదా. 12,000 చుట్లకు కట్టడి చేసిన వి10 ఇచ్చేది 1,000 హెర్ట్జే; 18,000 చుట్ల పాత వి8 కన్నా అది తక్కువ.