జెఫ్ మిల్స్

జెఫ్ మిల్స్ (జననం 1963) అమెరికాలోని డెట్రాయిట్‌కు చెందిన టెక్నో సంగీతకర్త, డీజే. 1980లలో స్థానిక రేడియోలో ‘ది విజార్డ్’ పేరుతో, ముఖం చూపకుండానే శ్రోతలను సంపాదించుకున్నారు. అయితే ఆయనను అండర్‌గ్రౌండ్ కళాకారుడిగా నిలబెట్టింది ఆ చాటుతనం కాదు, తన సంగీతంపై వదులుకోని యాజమాన్యం. మైక్ బ్యాంక్స్‌తో కలిసి ఆయన స్థాపించిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందం పెద్ద రికార్డు కంపెనీల గడప తొక్కలేదు. 1992లో మిల్స్ సొంతంగా యాక్సిస్ రికార్డ్స్ పెట్టుకున్నారు.

2005లో మోంపెలియే ఆర్కెస్ట్రాతో కచేరీ చేసి, తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వ పురస్కారమూ అందుకున్న వ్యక్తి ఇంకా అండర్‌గ్రౌండేనా అనే ఆక్షేపణ ఉంది. సభ పెద్దదైనంత మాత్రాన పట్టు జారినట్టు కాదు: యాక్సిస్ నేటికీ ఆయనదే. వేదిక ఏదైనా, రోలాండ్ టీఆర్-909 డ్రమ్ యంత్రాన్ని ఆయన అప్పటికప్పుడు చేత్తోనే వాయిస్తారు.